తమ్ముడి కడుపులో జాయింటు

"గొప్పలు చెప్పుకోవడం నాకు మొదట్నుంచీ అలవాటు లేదు, కావాలంటే ఈ చెల్లెమ్మని అడగండి, ఏదో మీరు అడిగారు కాబట్టి నోరు విప్పుతున్నా. మా తమ్ముడి ఆపరేషనుకి ముందు నేను డాక్టరమ్మకి ఒక్క మాట చెప్పాను. ఒక్కటంటే ఒక్కటే. ఆ మాట ఆవిడ చెవిన పెట్టింది కాబట్టే వాడు ఇవాళ పైన దర్జాగా తిరుగుతున్నాడు."

చెల్లెమ్మంటే నేనే. ఆసుపత్రి వెనక గేటుకి ఎదురుగా నా టీకొట్టు. ఒక పొయ్యి, పైన రేకు, రెండు బల్లలు. ఈ ప్లంబరు మేస్త్రి తొమ్మిది రోజులుగా నా దగ్గరే టీ తాగుతున్నాడు. ఆయన తమ్ముడికి పెద్దపేగులో గడ్డ ఉంటే కోసి తీశారు, మూడో అంతస్తులో ఉన్నాడు. మొదట్లో మేస్త్రి సగం టీ తాగి సగం పారబోసి పైకి పరిగెత్తేవాడు. నాలుగు రోజుల నుంచీ బల్ల దిగడం లేదు. తమ్ముడి భార్య కిందికొస్తే గేటు దాకా వెళ్ళి టీ, బన్ను చేతికిచ్చి వచ్చేస్తాడు, లిఫ్టు మాత్రం ఎక్కడు. కోతలు మొదలైంది కూడా ఆ నాలుగు రోజుల నుంచే. నేనేమీ అడగలేదు. ఆసుపత్రి ముందు కొట్టు పెట్టుకున్నవాళ్ళు మనుషుల్ని అడక్కూడదు, పాలు పొంగకుండా చూసుకోవాలి.

ఆ పొద్దున బల్ల మీద ఇంకో ఇద్దరున్నారు. ఒకాయన బస్సు కండక్టరు. నలభై రోజుల కిందట ఇదే ఆసుపత్రిలో ఆయన కడుపూ కోశారు, చూపించుకోవడానికొచ్చి టోకెను పిలిచేదాకా కూర్చున్నాడు. మడతపెట్టిన తువ్వాలు కడుపుకి అదుముకుని ఉంటాడు, దగ్గినా నవ్వినా అదే ఆసరా. రెండో మనిషి జెరాక్సు కొట్లో పనిచేసే అమ్మాయి. ఆమె మొగుడికి మర్నాడు పొద్దున ఆపరేషను. అదే పేగు, అదే గడ్డ, అదే డాక్టరమ్మ. ఒళ్ళో ఫైలు పెట్టుకుని మేస్త్రి నోటివంకే చూస్తోంది.

"ఏం మాట బాబాయ్ అది?" అంది.

"అదీ, అలా అడగాలి. విను. ఆపరేషనుకి ముందు రోజు డాక్టరమ్మ మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి కాయితం మీద బొమ్మ గీసింది. ఇదిగో పేగు, ఇదిగో గడ్డ, ఇక్కడొక కోత, ఇక్కడొక కోత, మధ్య ముక్క తీసేసి ఈ రెండు కొసలూ కలిపేస్తాం అంది. మా తమ్ముడు తెల్లమొహం వేశాడు. మా మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం ఆ బొమ్మ చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎందుకో తెలుసా? ఓస్, ఇంతేనా అనిపించింది! ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను చేసే పని అదేగా, పాడైన పైపు ముక్క కోసెయ్యడం, కొసలు కలిపెయ్యడం. అమ్మా, జాయింటు దేంతో వేస్తారు అన్నా. క్లిప్పులు కొట్టే మిషనుంది అంది. వేశాక పరీక్ష చేస్తారా అన్నా. ఆవిడ పెన్ను కింద పెట్టి నావంక అదోలా చూసింది. చేస్తాం, చుట్టూ నీళ్ళు పోసి లోపలికి గాలి కొట్టి బుడగలొస్తాయేమో చూస్తాం అంది. అంటే సైకిలు ట్యూబుకి పంక్చరు చూసినట్టే కదమ్మా అన్నా. అంతే మేస్త్రిగారూ అంది. అప్పుడు చెప్పా ఆ ఒక్క మాట. జాయింటు పరీక్ష చెయ్యకుండా గోడ మూయకండి అని."

"ఆవిడకి తెలీదా ఏంటి?" అన్నాడు కండక్టరు.

"తెలుసు. తెలిసినవాళ్ళే మర్చిపోయేది. సరే, ఆపరేషను రోజొచ్చింది. నన్ను బయట కూర్చోమన్నారు, కూర్చున్నా, గంటయింది, రెండు గంటలయింది, కుర్చీలో నా నడుం విరిగిపోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలుపు తోసుకుని ఒక నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇక్కడ ప్లంబరెవరు అని అరిచింది. లోపల చేతులు కడుక్కునే కుళాయి బిగుసుకుపోయిందట, డాక్టరమ్మ సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయిందట."

"కడుపు కోశాక మధ్యలో చేతులు కడుక్కోవడమేంటి మేస్త్రీ?"

"అదే నేనూ అనుకున్నా, కానీ ఆ కంగార్లో ఎవడడుగుతాడు! ఆకుపచ్చ గౌను తొడిగారు, టోపీ పెట్టారు, మూతికి గుడ్డ కట్టారు. కుళాయి రెండు తిప్పుల్లో దారికొచ్చింది. వెనక్కి తిరిగి చూద్దును కదా, బల్ల మీద మా తమ్ముడు! కడుపు తెరిచి ఉంది. పేగులన్నీ బయటికి తీసి చుట్టలు చుట్టి పెట్టారు, కొట్లో కొత్త హోసు పైపు చుట్టినట్టు. డాక్టరమ్మ రెండు కొసలు చేత్తో పట్టుకుని ఆలోచిస్తోంది. నేను కంటితో కొలత వేశా. అమ్మా, పై కొస వెడల్పు, కింది కొస సన్నం, తిన్నగా కలిపితే పట్టు రాదు, కాస్త ఏటవాలుగా కోసి కలపండి అన్నా. గదిలో చీమ చిటుక్కుమంటే ఒట్టు. మత్తు డాక్టరు లేచి నిలబడ్డాడు. ఆవిడ అలాగే కోసింది, అలాగే కలిపింది. మేస్త్రిగారూ, ఇది మా పుస్తకాల్లో లేదు అంది. అంతలో మా తమ్ముడు కళ్ళు తెరిచి, అన్నా, టేపు చుట్టారా లేదా అన్నాడు."

కండక్టరు తువ్వాలు గట్టిగా అదుముకున్నాడు. "నవ్వించకు మహాప్రభో, కుట్లు ఊడతాయి."

"నవ్వులాటగా ఉందా? వాడు నాతో పాతికేళ్ళు పనిచేశాడు, ఎంత మత్తిచ్చినా పని మర్చిపోతాడా? సరే వినండి. మర్నాడు పొద్దున్నే కసరత్తులమ్మాయి ఒకతి వచ్చింది. గాజులాంటి డబ్బా, అందులో మూడు బంతులు, గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి గట్టిగా లాగాలి, బంతులు పైకి లేవాలి. కడుపు కోసినవాళ్ళు ఊపిరి పైపైనే తీసుకుంటారట, ఊపిరితిత్తుల్లో కఫం చేరి జ్వరమొస్తుందట, అందుకని ఆ డబ్బా."

"నాకు మొదటి వారం ఒక్క బంతే లేచింది," అన్నాడు కండక్టరు. "అదీ సగానికే. ఆ సగానికే కడుపులో కత్తి తిప్పినట్టుండేది."

"మావాడు మూడూ లేపాడు. లేపడమేంటి, లాగిన లాగుడికి బంతులు డబ్బా పగలగొట్టుకుని పోయి కప్పుకి అతుక్కున్నాయి! ఒకటి కింద పడింది, ఒకటి ఫ్యాను రెక్కకి తగిలి కిటికీలోంచి పోయింది, మూడోది ఇంకా అక్కడే ఉంది, నిచ్చెన దొరక్క వదిలేశారు. ఆ పిల్ల మళ్ళీ ఆ వార్డు గుమ్మం తొక్కితే ఒట్టు. అదే రోజు మధ్యాహ్నం నడక. లేపి నాలుగడుగులు వేయించాలన్నారు. ఒక చేత్తో మూత్రం సంచీ, నడుముకి డ్రెయిను సీసా, పక్కన చక్రాల మీద సెలైను స్టాండు. నర్సమ్మ ఒక వైపు, నేనొక వైపు పట్టుకున్నాం. నాలుగో అడుగుకి మమ్మల్నిద్దర్నీ విదిలించేశాడు! వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి ఇరవై సార్లు తిరిగాడు. మిగిలిన మంచాల వాళ్ళు చూశారు, వాళ్ళకీ రోషమొచ్చింది, లేచి వెనకాలే వరస కట్టారు, ముందు మావాడు, వెనక పద్నాలుగు సెలైను స్టాండ్లు, గడగడగడా చప్పుడు, రైలు వెళ్తోందనుకుని కింది అంతస్తు వాళ్ళు బయటికొచ్చి చూశారు!"

"టిక్కెట్లు ఎవరు కొట్టారు?"

"నువ్వు లేవుగా, లేకపోతే నీకే ఇచ్చేవాళ్ళం ఆ పని. సాయంత్రానికి స్టాండ్ల చక్రాలన్నీ అరిగిపోయాయి. మర్నాడు కొత్తవి బిగించింది నేనే."

జెరాక్సు అమ్మాయి నవ్వింది. పొద్దున్నుంచీ ఆమె మొహంలో నవ్వు చూడటం అదే మొదటిసారి. మేస్త్రికి అది చాలు. ముందుకు జరిగి కూర్చున్నాడు.

"ఇక అసలు సంగతి. ఆ వార్డులో ఒక పద్ధతుంది. పొద్దున్నే ఎవరూ ఎవర్నీ బాగున్నారా అని అడగరు. గాలి పోయిందా అని అడుగుతారు. పేగు కోసి కలిపాక అది నిద్రపోతుంది కదా, మళ్ళీ ఎప్పుడు మేలుకుంటుందా అని అందరూ ఎదురుచూపులు. గాలి పోతేనే లోపల దారి తెరుచుకున్నట్టు."

"అది మాత్రం నిజం," అన్నాడు కండక్టరు. "నాకు ఐదో రోజున పోయింది. పక్క మంచాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ సిగ్గుపడకుండా ఇంటికి ఫోను చేసి చెప్పింది."

"ఐదో రోజా? మావాడికి మూడో రోజు, పొద్దున తొమ్మిదింటికి! డాక్టరమ్మ రౌండ్సుకొచ్చి కడుపు మీద స్టెతస్కోపు పెట్టింది. లోపల గుడగుడమంటోంది. ఒక్క నిమిషం అందరూ ఆగండి అంది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మామూలు గాలి కాదు నాయనా! కిటికీ అద్దాలు గలగలలాడాయి, ట్రేలో కత్తెర్లు కింద పడ్డాయి, లిఫ్టు దానంతటదే కిందికి దిగిపోయింది, ఇక్కడ గేటు ముందు ఆగున్న అంబులెన్సు కుయ్యో కుయ్యో అని మోగడం మొదలెట్టింది. చెల్లెమ్మా, వినపడలేదూ నీకు?"

"పాలు పొంగే చప్పుడులో వినపడలేదన్నా," అన్నాను.

"అదీ! పాలు పొంగిందే దాని వల్ల! డాక్టరమ్మ కళ్ళల్లో నీళ్ళు. పదిహేనేళ్ళ సర్వీసులో ఇలాంటి పేగు చూడలేదు అంది. నాలుగో రోజు మావాడు గంజి తాగాడు. ఐదో రోజు..."

ఇక్కడ ఆగాడు. గ్లాసు పెదాల దాకా తెచ్చుకుని, తాగకుండానే కింద పెట్టాడు.

"ఐదో రోజు ఏమైంది?" అంది ఆ అమ్మాయి.

"ఐదో రోజు ఏముంది, ఐదో రోజు మామూలే. ఆరో రోజు చెబుతా విను. ఆరో రోజు పైన ట్యాంకు పగిలింది. ఆసుపత్రిలో చుక్క నీళ్ళు లేవు. వాళ్ళ ప్లంబర్లు నలుగురు పైకెక్కి చేతులెత్తేశారు. మావాడు సెలైను సీసా జేబులో పెట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్ళాడు. ఏడంతస్తులు! కడుపు మీద ముప్ఫై రెండు క్లిప్పులు, ఇంకా తియ్యనే లేదు. ట్యాంకు కింద మోటారు అడ్డంగా పడుంటే ఒక్క చేత్తో లేపి పక్కన పెట్టాడు."

"నన్ను మూడు నెలలు నీళ్ళ బకెట్టు కూడా ముట్టుకోవద్దన్నారు," అన్నాడు కండక్టరు, నవ్వుతూనే, తువ్వాలు వదలకుండానే. "మోటారంట! ఇంకా చెప్పు, ఆ ఏనుగులేవో ఉంటే వాటిని కూడా లేపించు."

"ఏనుగుల్లేవు కానీ డాక్టర్లున్నారు. ట్యాంకు బాగుచేసి దిగేసరికి మెట్ల దగ్గర వరసగా నిలబడి ఉన్నారు. అయ్యా, ఇంకో నాలుగు పేగులు ఉన్నాయి, మీ అన్నగారి దగ్గర నేర్చుకున్న జాయింటు కాస్త వేసి పెట్టండి అని బతిమాలారు. వేశాడు! కుర్చీలో కూర్చుని నాలుగు వేశాడు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కూడా కారలేదు. ఆ నలుగురూ మర్నాడే నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయారు. డాక్టరమ్మ తన కోటు విప్పి మావాడికి తొడిగి, నేనింక ఇంట్లో కూర్చుంటా అంది. మావాడు వద్దన్నాడు. నాకు నా స్పానరు చాలు తల్లీ అన్నాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు, ఇవాళో రేపో కాయితాలు చేతికిస్తే ఇద్దరం పనిలోకి వెళ్ళిపోవడమే, అందుకే ఇక్కడ కూర్చున్నా, లేకపోతే నాకు ఇక్కడేం పని?"

కండక్టరు ఇక నవ్వలేక చెయ్యెత్తి దండం పెట్టాడు. నేను గ్లాసులు కడుగుతున్నాను. అప్పుడా అమ్మాయి లేచి మేస్త్రి ముందుకొచ్చి నిలబడింది. ఆమె నవ్వడం లేదు.

"బాబాయ్, మీ తమ్ముణ్ణి ఒక్కసారి నాకు చూపిస్తారా?"

"ఎందుకమ్మా?"

"మా ఆయన సంతకం పెట్టనంటున్నాడు. రేపు పొద్దునే ఆపరేషను, నిన్నట్నుంచీ బతిమాలుతున్నా. కోసినవాళ్ళెవరైనా లేచి తిరుగుతుంటే నా కళ్ళతో చూడాలి, అప్పుడు పెడతా అంటున్నాడు." కండక్టరు వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఈయన్ని తీసుకెళ్దామనుకున్నా. కానీ నలభై రోజులైనా ఇంత నీరసంగా ఉన్నారే, చూస్తే ఇంకా బెదిరిపోతాడు. ట్యాంకూ మోటారూ నేను నమ్మలేదులెండి. ఏదో సరదాకి చెప్పారు. కానీ లేచి నాలుగడుగులు వేశాడు కదా, గాలి పోయింది కదా, గంజి తాగాడు కదా. అది చాలు. మా ఆయన రెండో అంతస్తులోనే ఉన్నాడు. పదకొండింటికి డాక్టరమ్మ వచ్చి సంతకం అడుగుతుంది. ఇప్పుడే వెళ్దాం బాబాయ్, రెండు నిమిషాలు."

"వాడు... ఇప్పుడు స్నానం చేస్తుంటాడు."

"కూర్చుంటాం."

"స్నానం చేసి పడుకుంటాడు. నిద్ర లేపితే వాడికి కోపం."

"లేపొద్దు. గుమ్మంలోంచి చూస్తాం. చక్రాల కుర్చీలో తీసుకొస్తా మా ఆయన్ని. నిద్రపోతున్నా సరే, మనిషి బాగున్నాడని తెలుస్తుంది కదా." ఆమె రెండు చేతులూ జోడించింది. "మీ కాళ్ళు పట్టుకుంటా."

ఇన్ని రోజుల్లో ఎంతమంది వెక్కిరించినా మేస్త్రి తడుముకోలేదు. ఎవడేమన్నా దానికి రెండింతలు చెప్పేవాడు. ఈ పిల్ల నమ్మింది. నమ్మి చేతులు జోడించేసరికి ఆయన మొహం నా కళ్ళముందే పాలిపోయింది.

"గుమ్మం దగ్గరికి రానివ్వరమ్మా," అన్నాడు. "ఐసీయూ."

నేను పొయ్యి మంట తగ్గించాను.

"మూడో రోజు గాలి పోవడం నిజం. నాలుగో రోజు గంజి నిజం. నాలుగడుగులు నడిచాడు, అదీ నిజం, నా భుజం పట్టుకుని. మిగతాదంతా... ఐదో రోజు జ్వరం వచ్చింది. చలి, వణుకు. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది, చెయ్యి వేస్తే అరిచాడు. గుండె దడదడా కొట్టుకుంటోంది. మళ్ళీ తీసుకెళ్ళి కోశారు. జాయింటు విడిపోయింది. లోపలంతా కారింది. కడిగి, పేగు కొస కడుపు మీదకి తెచ్చి సంచీ తగిలించారు. కడుపు ఇంకా మూయలేదు, మళ్ళీ కడగాలంట. నోట్లో గొట్టం, మిషను ఊపిరి. నాలుగు రోజుల నుంచీ కళ్ళు తెరవలేదు."

"అయ్యో," అంది ఆ అమ్మాయి.

"అది కాదమ్మా. అంతా అయ్యో అనేది దీనికే. నా అసలు బాధ ఇది కాదు." చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "రెండో రోజు మధ్యాహ్నం మా మరదలు స్నానానికని ఇంటికి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఉన్నా. నర్సమ్మ చెప్పి వెళ్ళింది, గంటకి రెండు చెంచాల నీళ్ళు, అంతే, డాక్టరమ్మ చూశాక పెంచుదాం అని. వాడు నాలుక బయటపెట్టి చూపించాడు. అట్ట కట్టుకుపోయింది. అన్నా, కాసిని నీళ్ళు అన్నాడు. జాలేసి పోశానని చెప్పొచ్చు. కానీ జాలి కాదు. పరీక్ష చేద్దామని పోశా."

"పరీక్షా?" అన్నాను.

"ఆవిడ వేసిన జాయింటు నేను చూడలేదుగా చెల్లెమ్మా. నన్ను లోపలికి ఎవరు రానిచ్చారు! నేను చూడని జాయింటుని నేనెప్పుడూ నమ్మలేదు. కారేదైతే ఇప్పుడే కారనీ, ఆసుపత్రిలో ఉండగానే తెలిసిపోతుంది, ఇంటికెళ్ళాక కారితే ఎవరు చూస్తారు అనుకున్నా. మేం అలాగే చేస్తాం. కొత్త పైపుకి నీళ్ళు పూర్తిగా వదిలేసి గోడకి చెవి ఆనించి వింటాం. లీటరు సీసా. మొత్తం పట్టించా. వాడు గటగటా తాగేసి, హాయిగా ఉందన్నా అన్నాడు. నేను వాడి కడుపు మీద చెవి పెట్టి విన్నా. చప్పుడు లేదు. గట్టి జాయింటురా, కారట్లేదు అని వాడికి చెప్పా. మా ఇద్దరికీ ఎంత సంతోషమో."

"డాక్టరమ్మకి తెలుసా ఇది?" అడక్కూడదనుకుంటూనే అడిగాను.

"ఆవిడొక్కదానికే చెప్పా. నీళ్ళ వల్ల కాదు మేస్త్రిగారూ అంది. అన్నీ సరిగ్గా చేసినా వందలో కొందరికి విడిపోతుంది, మీ తమ్ముడికి రక్తం తక్కువ, ఏళ్ళ తరబడి సిగరెట్లు కాల్చాడు, ఒంట్లో మానే శక్తి లేదు, మనిషి పేగు పైపు కాదు, తాగిన నీళ్ళకి తెగిపోదు అంది. అరగంట కూర్చోబెట్టి చెప్పింది. మంచి మనిషి. కానీ పచ్చి జాయింటు మీద నీళ్ళు వదిలితే ఏమవుతుందో నాకు చెబుతుందా ఆవిడ? ముప్ఫై ఒక్క ఏళ్ళు! ఎన్ని గోడలు బద్దలుకొట్టి చూశాను నేను! మా మరదలికి తెలీదు. బావగారూ, మీరు పక్కనున్నారు కాబట్టే నాకు ధైర్యం అంటుంది. ఆ మాట వినలేకే నేను పైకి వెళ్ళట్లేదు. అక్కడ వాడి చెయ్యి పట్టుకోవడానికి మరదలు తప్ప దిక్కు లేదు, నేనిక్కడ కూర్చుని వాణ్ణి ట్యాంకులెక్కిస్తున్నా."

ఆ అమ్మాయి ఫైలు గుండెకి అదుముకుని అంది, "మరి మా ఆయనకి ఏం చెప్పమంటారు?"

"సంతకం పెట్టమను," అన్నాడు మేస్త్రి వెంటనే. "గడ్డ ఉంచుకుంటే మాత్రం బతుకుతాడా? వాళ్ళ పని వాళ్ళు బాగానే చేస్తారు. రెండు చెంచాలంటే రెండు చెంచాలే ఇవ్వు. పక్కన నాలాంటి తెలిసినవాణ్ణి మాత్రం కూర్చోబెట్టకు."

కండక్టరు బల్ల అంచు పట్టుకుని లేచాడు. ముందు పక్కకి ఒరిగి, కాలు కింద పెట్టి, అప్పుడు నడుమెత్తి. లేచి నిలబడేసరికి నుదుటి మీద చెమట పట్టింది. "పదమ్మా, నన్నే చూపించు. నలభై రోజులకి ఇలా ఉంటాను, ఇలాగే ఉంటుందని చెబుదాం. అబద్ధం చెప్పి సంతకం పెట్టించడం కంటే నయం," అన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. మేస్త్రి తల దించుకుని ఉన్నాడు. కండక్టరు వెనక్కొచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు.

"మేస్త్రీ, నేనూ తాగాను."

మేస్త్రి తలెత్తాడు. "ఏంటి?"

"నీళ్ళు. రెండో రోజే. నర్సులకి తెలీకుండా."

"ఎంత?"

"లీటరు."

"ఒక్కసారేనా, ఆగి ఆగా?"

"ఒక్కసారే. సీసా ఎత్తి పట్టుకుని గటగటా."

"ఎవరిచ్చారు?"

"మా ఆవిడే."

"తర్వాత ఏం కాలేదా? కడుపు బిగుసుకోలేదా? జ్వరం?"

"ఏం లేదు. నన్ను చూస్తున్నావుగా."

మేస్త్రి కళ్ళు ఆయన కడుపు మీద, ఆ తువ్వాలు మీద నిలిచిపోయాయి. నోరు కొంచెం తెరుచుకుంది. తొమ్మిది రోజుల్లో ఆయన మొహం అంత తేలికపడటం నేను చూడలేదు. కండక్టరుకి కూడా అది కనపడింది. ఉత్సాహం ఆగలేదు పాపం.

"లీటరేంటి, సాయంత్రం ఇంకో రెండు సీసాలు తాగాను! మర్నాడు పొద్దున్నే ఒక బిందెడు!"

మేస్త్రి కండక్టరు చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, నొప్పి పుట్టకుండా మెల్లగా నొక్కి వదిలేశాడు.

"లీటరు దగ్గర ఆగి ఉంటే నమ్మేవాణ్ణి కండక్టరూ," అన్నాడు.